ఉప్పునీటి రీఫ్ ట్యాంక్‌కి యూవీ పెట్టాలా వద్దా? (కర్నూలు, 300 లీటర్లు)

బురుజు_రీఫ్ | కర్నూలు

అందరికీ నమస్కారం. 300 లీటర్ల ట్యాంక్, కింద సంప్‌లో (ఫిల్టర్ సామాను ఉండే తొట్టి) ఇంకో 60 లీటర్లు. క్లౌన్ జత, ఒక టాంగ్, ఒక గోబీ, కొన్ని జోవాంతిడ్లు, మష్రూమ్ కోరల్స్, ఒక టార్చ్ కోరల్ ఉన్నాయి. సంక్రాంతి తర్వాత నీళ్లు పోసిన ట్యాంక్ ఇది. రాయి మొత్తం డ్రై రాక్ (సముద్ర జీవాలేవీ లేని ఎండు రాయి).

కొన్ని వారాల నుంచి ఇసుక మీద, రాళ్ల మీద గోధుమరంగు జిగురు పడుతోంది. పొద్దున లైట్లు వేసే టైముకి ఇసుక దాదాపు తెల్లగా ఉంటుంది. మధ్యాహ్నం దాటేసరికి మళ్లీ కమ్మేస్తుంది. జిగురు తీగలు సాగి వేలాడుతుంటాయి, వాటి కొసల్లో గాలి బుడగలు. టర్బో నత్తలు ఒక్కొక్కటే వెల్లకిలా పడి చచ్చిపోతున్నాయి. జోవాంతిడ్లు ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉన్నాయి. నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0, ఉప్పు (సాంద్రత లెక్కలో) 1.025. పోయిన నెల టాంగ్ ఒంటి మీద తెల్ల చుక్కలు కూడా కనబడినాయి, మళ్లీ వాటంతట అవే పోయినాయి.

నేను చేపలు తెచ్చుకునే షాపులో అడిగితే "యూవీ పెట్టన్నా, రెండూ పోతాయి" అన్నారు. గొట్టంలోంచి పోయే నీళ్లలోని క్రిములను వెలుగుతో చంపే ఈ యూవీ ల్యాంపు తక్కువ డబ్బు కాదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. బయట 43 డిగ్రీలుంది. ఫ్యాన్లు పెట్టి ట్యాంక్‌ను 27.5 దగ్గర నిలబెడుతున్నా. ఈ ల్యాంపు వేడి దానికి ఎంత తోడవుతుంది? ఎన్ని వాట్లది తీసుకోవాలి? సంప్‌లో పెట్టాలా, పైనుంచే నీళ్లు లాగాలా? అసలు కొనాలా?

పెన్నఒడ్డు | కడప

వద్దు తమ్ముడూ. రీఫ్‌లో నీళ్లే ప్రాణం. యూవీ ముందు నుంచి ఏది పోయినా చంపుతుంది, మంచిదా చెడ్డదా అని చూడదు. కోరల్స్ తినే ప్లాంక్టనూ పోతుంది, కోపీపాడ్ (చిన్న రొయ్యల్లాంటి సూక్ష్మజీవాలు) పిల్లలూ పోతాయి. కొత్త ట్యాంక్‌లో గోధుమరంగు డయాటమ్స్ (ఒక రకం సూక్ష్మ ఆల్గే) రావడం మామూలే. నీళ్లు మారుస్తా ఉండు, ఓపిక పట్టు, అదే పోతుంది. నేను ఇన్నేళ్లూ యూవీ లేకుండానే నడుపుతున్నా.

జువాలజీ_మేడం | అనంతపురం

పెన్నఒడ్డు గారు ప్లాంక్టన్ గురించి చెప్పింది కొంతవరకు నిజం. కానీ ఇది డయాటమ్స్ లాగా లేదు. ముందు యూవీ ఏం చేస్తుందో చెప్తాను, ఆ తర్వాత మీ జిగురు సంగతి.

ఈ ల్యాంపులు 254 నానోమీటర్ల దగ్గర యూవీ-సీ వెలుగు ఇస్తాయి. ఆ వెలుగు కణంలోకి పోయి డీఎన్ఏలో పక్కపక్కనున్న థైమిన్‌లను ఒకదానికొకటి అతికిస్తుంది. కణం అక్కడికక్కడే కాలిపోదు, రెండుగా చీలే శక్తి పోతుంది. పెరగలేని కణం ఉన్నా లేనట్టే. అయితే ఇదంతా ఆ గొట్టం లోపలికి వచ్చిన వాటికే. రాయికీ ఇసుకకీ అతుక్కుని బతికేవి దాని ముందుకే రావు. అమ్మోనియాను నైట్రేట్ చేసే బ్యాక్టీరియా రాళ్ల మీద, ఇసుక మీద పొరలా ఉంటుంది కాబట్టి యూవీ పెడితే నైట్రోజన్ సైకిల్ చెడిపోతుందనే భయం అక్కర్లేదు. కొత్త ట్యాంక్‌లో సీసా బ్యాక్టీరియా పోసినప్పుడు మాత్రం అది రాళ్లకు పట్టేదాకా కొద్ది రోజులు ఆపాలి.

ఇక మీ జిగురు. రాత్రికి తగ్గి మధ్యాహ్నానికి పెరుగుతోంది, బుడగలున్నాయి, నత్తలు చస్తున్నాయి, నైట్రేటూ ఫాస్ఫేటూ రెండూ సున్నా. ఈ నాలుగూ ఒకచోట చేరితే నాకు మొదట అనుమానం వచ్చేది డైనోఫ్లాజెల్లేట్ల (ఒకే కణం ఉండే సూక్ష్మజీవులు, పొట్టిగా డైనోలు) మీదే. నీళ్లలో పోషకాలు అడుగంటితే వాటికి పోటీ వచ్చే ఆల్గే, బ్యాక్టీరియా వెనకబడతాయి, ఇవి రాజ్యమేలతాయి. డ్రై రాక్‌తో మొదలైన ట్యాంకుల్లో ఇది తరచూ చూస్తాం. ఇలాంటప్పుడు నీళ్లు మార్చడం చాలామంది విషయంలో ఎదురు తిరుగుతుంది, కొన్నాళ్లు ఆపండి.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. కొంచెం జిగురు ట్యాంక్ నీళ్లతో సహా సీసాలోకి తీసుకుని గట్టిగా కుదపండి. టిష్యూ కాగితంలో వడకట్టి, కిందికి దిగిన నీళ్లను గ్లాసులో పోసి లైటు కింద గంటసేపు పెట్టండి. విడిపోయినవి మళ్లీ కూడి తీగలు కడితే డైనోలే అయ్యే అవకాశం ఎక్కువ. అయితే ఏ రకం డైనో అన్నది మైక్రోస్కోపులోనే తేలుతుంది. యూవీ కొనాలా వద్దా అన్నది ఆ రకాన్ని బట్టే. ఆస్ట్రియాప్సిస్, కూలియా, ప్రోరోసెంట్రమ్ లాంటివి చీకటి పడగానే ఇసుక వదిలి నీళ్లలోకి లేస్తాయి, యూవీకి దొరుకుతాయి. పెద్ద కణం ఉండే ఆంఫిడీనియం ఇసుకలోనే దిగబడి ఉంటుంది. దానికి మీరు ఎన్ని వాట్లు పెట్టినా డబ్బు నీళ్లపాలే.

మీ ఊళ్లో ఏ డిగ్రీ కాలేజీ జువాలజీ, బోటనీ ల్యాబ్‌లోనైనా 400 రెట్లు చూపించే మైక్రోస్కోపు ఉంటుంది. అడిగితే కాదనరు.

బురుజు_రీఫ్ | కర్నూలు

మేడం, టిష్యూ పరీక్ష ఇప్పుడే చేసినా. గంట కూడా పట్టలేదు, మళ్లీ తీగలు కట్టింది. మా అక్క కొడుకు ఇక్కడే డిగ్రీ చదువుతున్నాడు. వాళ్ల ల్యాబ్‌లో అడిగిస్తా.

క్లౌన్_జోడీ | ఆదోని

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా ఇంట్లో పాత వాటర్ ప్యూరిఫైయర్ ఉంది, యూవీది, 11 వాట్లు. అదే వెలుగు కదా, దాన్నే ట్యాంక్‌కి తగిలిస్తే సరిపోదా? నాది 100 లీటర్ల చిన్న ట్యాంక్.

చోక్_కాయిల్ | కడప

తగిలించొద్దు తమ్ముడూ. ల్యాంపు అదే, అందులో అనుమానం లేదు. చిక్కంతా ఆ ల్యాంపు ఉండే గొట్టంతో. ప్యూరిఫైయర్‌లో ఎక్కువగా స్టీలు గొట్టం ఉంటుంది. తాగే నీళ్లకు అది చాలు, ఉప్పునీళ్లకు ఆగదు. వెల్డింగ్ చేసిన చోట, స్క్రూల దగ్గర మొదలుపెట్టి తుప్పు పట్టి తింటుంది. ఆ లోహాలన్నీ నీళ్లలోకే దిగుతాయి, కోరల్స్ దాన్ని తట్టుకోలేవు. ప్లాస్టిక్ బాడీ ఉండే అక్వేరియం యూనిట్టే కొను.

కరెంటు సంగతి కూడా చెప్తా, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. యూవీ అంటే ఉప్పునీళ్ల మధ్యలో కరెంటు ల్యాంపు. మధ్యలో అడ్డంగా ఉండేది ఒక క్వార్ట్జ్ స్లీవ్, రెండు రబ్బరు రింగులు, అంతే. రింగు ఎండిపోయి నీళ్లు కారితే చెయ్యి పెట్టినవాడికే షాక్. కాబట్టి ట్యాంక్ మొత్తానికి కరెంటు లీకైతే టక్కున ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాల్సిందే. మామూలు ఎంసీబీ వైర్లను కాపాడుతుంది కానీ మనిషిని కాపాడదు. ఎర్తింగ్ కూడా చూపించుకోండి. మన ఎండాకాలం నేల ఎండిపోయి ఎర్త్ గుంటలు పనిచేయడం మానేస్తాయి, వాటికి నీళ్లు పోయాలి.

ఇంకొకటి. యూవీనీ, దానికి నీళ్లు పంపే పంపునీ ఒకే స్విచ్ మీద పెట్టండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ల్యాంపు ఒకటే వెలిగిందనుకో, లోపల నిలబడ్డ నీళ్లు కాగుతాయి, ల్యాంపు ఆయుష్షు పోతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే చోక్ కూడా వేడెక్కి పోతుంది, సైన్ వేవ్ ఉన్నవాళ్లే ఇన్వర్టర్ మీద నడపండి.

ల్యాంపు వెలుగుతున్నప్పుడు బాడీ విప్పి చూడొద్దు. వెల్డింగ్ వెలుగు చూసినవాళ్లకు రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుందే, అదే జబ్బు. ఆన్‌లైన్‌లో బాడీ లేకుండా ఉత్త ల్యాంపును నీళ్లలో ముంచేవి అమ్ముతున్నారు. దాని వెలుగు చుట్టుపక్కల కోరల్‌నీ, ప్లాస్టిక్‌నీ, తొట్టి మీదికి వంగిన మీ కళ్లనూ కొడుతుంది. అవి ముట్టుకోవద్దు.

క్లౌన్_జోడీ | ఆదోని

యూవీ ఎల్ఈడీలు వస్తున్నాయి కదన్నా, చాలా చవక. ఊదారంగు వెలుగు వస్తుంది.

చోక్_కాయిల్ | కడప

దాని మీద ఎన్ని నానోమీటర్లో రాసి ఉంటుంది, చదువు. ఎక్కువ వాటి మీద 395 అని ఉంటుంది. నోట్లు చూసుకోవడానికి, గోరు రంగు ఆరబెట్టడానికి ఆ తరహావి వాడతారు. క్రిములను చంపే పని 254 చుట్టుపక్కల వెలుగుది, అది కంటికి కనబడదు. ల్యాంపులో మనకు కనబడే నీలం రంగు పక్కనే వచ్చే వెలుగు మాత్రమే, దాన్ని చూసి ల్యాంపు బాగుందనుకోవద్దు.

హేచరీ_సీమ | సొంతూరు ప్రొద్దుటూరు, పని నెల్లూరు తీరంలో

రొయ్యల హేచరీలో పనిచేస్తా. మాకు యూవీ రోజూ వాడే సామానే. సముద్రం నీళ్లు లాగితే ముందు ఇసుక ఫిల్టర్, తర్వాత కార్ట్రిడ్జ్ ఫిల్టర్, ఆ తర్వాతే యూవీ. ఈ వరస తిరగబడితే యూవీ దండగ. నీళ్లలో మట్టీ మసీ ఉంటే వాటి వెనక విబ్రియో బ్యాక్టీరియా దాక్కుంటుంది. ట్యాంక్‌లోనూ అంతే. పసుపురంగు తిరిగిన నీళ్లు యూవీని మింగేస్తాయి, అందుకని యాక్టివేటెడ్ కార్బన్ కూడా వాడండి.

వాట్లు ఒక్కటే చూసి కొనేవాళ్లు ఎక్కువ. అసలు లెక్క, ఎంత వెలుగు ఎంతసేపు తగిలింది అన్నది. ఉదాహరణకు గొట్టంలో 2 లీటర్ల నీళ్లు పడతాయనుకుందాం. గంటకు 600 లీటర్ల పంపు పెడితే ప్రతి చుక్క లోపల 12 సెకన్లు ఉంటుంది. 1,800 లీటర్ల పంపు పెడితే 4 సెకన్లే. అదే ల్యాంపు, అదే కరెంటు బిల్లు, మోతాదు మాత్రం మూడో వంతు. పైగా 36 వాట్ల ల్యాంపులో యూవీ-సీగా మారేది దాదాపు మూడో వంతే, మిగిలింది వేడి.

తాగే నీళ్లకు చదరపు సెంటీమీటరుకు 40 మిల్లీజౌళ్ల మోతాదును ప్రమాణంగా పెట్టుకున్నారు. బ్యాక్టీరియాకు అది బాగా సరిపోతుంది. చేపల ఒంటి మీద తెల్లచుక్క పెట్టే ప్రోటోజోవాకు దానికి ఎన్నో రెట్లు కావాలి. కాబట్టి షాపులో "ఈ యూనిట్ 500 లీటర్లకు" అని చెప్తే, దేనికి 500 లీటర్లు అని అడగండి. నీళ్లు తేటపడటానికా, పరాన్నజీవులకా?

బిగించేటప్పుడు నీళ్లు కిందనుంచి లోపలికి పోయి పైనుంచి బయటికి రావాలి. పైన గాలి నిలబడితే ల్యాంపు ఆ భాగం వేడెక్కుతుంది.

లెక్కల_సారు | గుత్తి

తెల్లచుక్క సంగతి నేను చెప్తా. నాకు ఇందులో పట్టుదల ఎక్కువ, ఎందుకంటే "యూవీ పెడితే ఇక్ (తెల్లచుక్క జబ్బు) పోతుంది" అన్న మాట నమ్మి క్వారంటైన్ మానేసి చేపలను పోగొట్టుకున్నవాళ్లు చాలామంది తెలుసు నాకు.

ఈ జబ్బు తెచ్చే పరాన్నజీవి క్రిప్టోకారియాన్ చేప చర్మం కింద కొన్ని రోజులు తిని, రాలిపడి, రాయికో ఇసుకకో అంటుకుని గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లోంచి వందల పిల్లలు బయటికొచ్చి చేప కోసం ఈదుతాయి. యూవీకి దొరికేది ఈ ఈదే దశ ఒక్కటే. చర్మం కింద ఉన్నదానికీ గూట్లో ఉన్నదానికీ యూవీ ఏమీ చేయలేదు.

ఇప్పుడు ఈదే దశనైనా పట్టుకుంటుందా? ట్యాంక్ మొత్తం నీళ్లంత గంటకు ఒకసారి యూవీ గుండా పోతున్నాయనుకోండి. గంట అయ్యేసరికి మొత్తం నీళ్లు శుద్ధి అయినట్టు అనిపిస్తుంది. కాదు. శుద్ధి అయిన నీళ్లు తిరిగి అదే తొట్టిలో కలుస్తాయి కాబట్టి, పోయిన నీళ్లే మళ్లీ పోతుంటాయి. గంట తర్వాత ఇంకా ఒక్కసారి కూడా యూవీ చూడని నీళ్లు 37 శాతం ఉంటాయి. రెండు గంటలకు దాదాపు 13.5 శాతం. మూడు గంటలకు 5 శాతం. ఆ పిల్లలు ఎక్కువగా చీకట్లో, చేపలు రాళ్ల సందుల్లో కదలకుండా పడుకున్న టైములో బయటికి వస్తాయి. గూడు ఉన్నదీ ఆ రాళ్ల దగ్గరే. పక్కనే పడుకున్న చేపను వదిలేసి మూడు గంటలు తిరిగి యూవీ గొట్టంలోకి ఎందుకు పోతాయి?

యూవీ పెడితే వాటి సంఖ్య కొంత తగ్గుతుంది, చేపకు ఊపిరి పీల్చుకునే వీలు దొరుకుతుంది. జబ్బు పోదు. గూడు దశ 72 రోజుల దాకా సాగిన సందర్భాలున్నాయి, అందుకే ట్యాంక్‌ను 76 రోజులు చేపలు లేకుండా ఉంచమంటారు. చేపలను వేరే తొట్టిలో రాగి మందుతో బాగుచేయాలి. రీఫ్ ట్యాంక్‌లో మాత్రం రాగి చుక్క కూడా వేయొద్దు, కోరల్స్, నత్తలు, రొయ్యలు బతకవు. బురుజు గారూ, చుక్కలు వాటంతట అవే పోయినాయంటే అది జబ్బు నయమైనట్టు కాదు. చేప మీద నుంచి ఇసుకలోకి దిగి ఉండొచ్చు.

పెన్నఒడ్డు | కడప

సారు చెప్పిన తెల్లచుక్క మాట వంద పాళ్లు నిజం. షాపులో "రెండూ పోతాయి" అన్నది ఇక్కడికే తప్పయింది. ఇక డైనో సంగతి ల్యాబ్ రిపోర్టు వచ్చాక మాట్లాడదాం.

బురుజు_రీఫ్ | కర్నూలు

ల్యాబ్‌లో చూసినాం. వాళ్ల మేడం చాలా ఓపిగ్గా చూపించినారు, పిల్లలందరినీ పిలిచి మరీ. పుచ్చగింజ ఆకారం, ఒక కొస సన్నగా ఉంది. రంగు ముదురు గోధుమ. ముందుకు పోవడం లేదు, ఆ సన్నటి కొస ఒకచోట గుచ్చిపెట్టినట్టు ఉండి, మిగతా ఒళ్లు దాని చుట్టూ గిరగిరా తిరుగుతోంది. చుట్టూ జిగురు పోగులు కనబడినాయి. వాటి మధ్య సన్న కడ్డీల్లాంటి డయాటమ్స్ కూడా కొన్ని ఉన్నాయి. ఇది ఏంది మేడం?

జువాలజీ_మేడం | అనంతపురం

ఆస్ట్రియాప్సిస్. సన్నటి కొస మీద తిరగడం దాని గుర్తు. ఆంఫిడీనియం అయితే గుండ్రంగా ఉండి చిన్న ముక్కు లాంటిది కనబడుతుంది, సాఫీగా జారిపోతుంది.

మీ విషయంలో యూవీ పనికొస్తుంది, తీసుకోండి. కానీ ముందు జాగ్రత్త. ఈ జాతి పాలిటాక్సిన్ కుటుంబపు విషాలు తయారుచేస్తుంది, మీ నత్తలు చస్తున్నది బహుశా అందుకే. 2005లో ఇటలీలోని జెనోవా తీరంలో ఇది విపరీతంగా పెరిగి, అలల తుంపర పీల్చిన జనానికి జ్వరం, దగ్గు వచ్చి ఆసుపత్రుల పాలయ్యారు. మన తొట్టి అంత కాదు, అయినా ఇసుక లాగేటప్పుడు పైపును నోటితో పీల్చకండి. గ్లౌజులు వేసుకోండి. చేతి మీద పుండు ఉంటే తొట్టిలో పెట్టకండి. ఎండిన జిగురును గీకి దుమ్ము లేపకండి.

వాట్ల సంగతి. డైనోలకు రీఫ్ వాళ్లు పాటించే లెక్క సుమారు 11 లీటర్లకు 1 వాటు. మీ 360 లీటర్లకు 33 దాకా వస్తుంది, అంటే 36 వాట్ల యూనిట్ సరిపోతుంది. నీళ్లు సంప్ నుంచి కాకుండా నేరుగా పై ట్యాంక్ నుంచి లాగి పై ట్యాంక్‌లోనే వదలాలి. అవి లేచేది అక్కడ కాబట్టి. రిటర్న్ పంపుకు (సంప్ నీళ్లను పైకి పంపేది) తగిలిస్తే సంప్‌లోకి దిగిన కాసినివే దొరుకుతాయి. పంపు గంటకు 600 నుంచి 800 లీటర్లది చాలు. రాత్రి లైట్లు ఆరే ముందు ఇసుకను, రాళ్లను మెల్లగా ఊపి జిగురు విడగొడితే ఇంకా మేలు. విషం పీల్చుకోవడానికి కార్బన్ పెట్టి, త్వరత్వరగా మార్చండి.

యూవీతో పాటే తప్పనిసరిగా చేయాల్సింది పోషకాలు పెంచడం. నైట్రేట్ 5 నుంచి 10 మధ్య, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 మధ్య ఉండాలి. ఫాస్ఫేట్ తీసే గుళికలు వాడుతుంటే తీసేయండి. చేపలకు మేత కొంచెం పెంచండి. ఇది చేయకపోతే యూవీ తీసిన రోజే మళ్లీ వస్తాయి.

బురుజు_రీఫ్ | కర్నూలు

సరే మేడం, 36 వాట్లది ఆర్డర్ పెడతా. వేడి గురించే ఇంకా గుబులు. రోహిణి కార్తె రాకముందే ఇట్లుంది.

లెక్కల_సారు | గుత్తి

గుబులు పడేంత లేదు. 36 వాట్లూ చివరికి నీళ్లలోకే వేడిగా దిగుతాయనుకుందాం. ఆ వేడి ఎక్కడికీ పోకపోతే మీ 360 లీటర్లు గంటకు దాదాపు 0.09 డిగ్రీ పెరుగుతాయి. కానీ మీకు ఫ్యాన్లున్నాయి. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. 36 వాట్ల ల్యాంపు 24 గంటలూ వెలిగితే ఇచ్చేది సుమారు 3,100 కిలోజౌళ్లు. అంటే రోజుకు అదనంగా లీటరుం పావు ఆవిరైతే లెక్క సరి. కర్నూలు వేసవి గాలిలో తేమే ఉండదు, ఫ్యాన్ ఆ పని సులువుగా చేస్తుంది. చెన్నైలోనో విశాఖలోనో ఉండేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు.

ఆ అదనపు నీళ్లు కచ్చితంగా టీడీఎస్ (కరిగిన లవణాలు) సున్నా ఉన్న ఆర్ఓ-డీఐ (లవణాలన్నీ తీసేసిన) నీళ్లే అయ్యుండాలి. బోరు నీళ్లు పోస్తే ఉప్పు, సిలికేట్ పేరుకుంటాయి.

చోక్_కాయిల్ | కడప

ఎండాకాలం వరకు రాత్రి పూటే వేసుకున్నా పర్వాలేదు. లైట్లు ఆరినప్పుడు టైమర్‌తో ఆన్, పొద్దున ఆఫ్. ఆ డైనోలు లేచేది కూడా రాత్రే అంటున్నారు కదా మేడం. రోజుకు ఒకసారి ఆన్ ఆఫ్ చేస్తే ల్యాంపుకేమీ కాదు, మాటిమాటికీ చేస్తేనే పోతుంది.

తుంగభద్ర_తీరం | కర్నూలు

బురుజు అన్నా, ఇదంతా డ్రై రాక్ వల్ల వచ్చిన తిప్పలు. నాకు తెలిసినవాళ్లు రామేశ్వరం వైపు నుంచి బతికున్న రాయి తెప్పిస్తారు. నాలుగు రాళ్లు వేస్తే సముద్రం జీవాలన్నీ వచ్చి డైనోలను తినేస్తాయి. కావాలంటే చెప్పు.

మోడరేటర్

ఇక్కడ ఆ సాయం వద్దు. మన సముద్రాల్లోని రీఫ్ కట్టే కోరల్స్ అన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి. పులికి ఉన్నంత రక్షణ వాటికీ ఉంది. చచ్చిన కోరల్ ముక్క తీసినా నేరమే. మన్నార్ సింధుశాఖలోని దీవులు, వాటి చుట్టూ ఉన్న నీళ్లు 1986 నుంచి సముద్ర జాతీయ పార్కు, అక్కడి నుంచి రాయి తీయడమంటే ఆ దిబ్బలను కొల్లగొట్టడమే. కోరల్స్ కొనేవాళ్లు పెంపకం చేసినవి, దిగుమతి కాగితాలు ఉన్నవి మాత్రమే కొనండి. క్లౌన్ చేపలైతే మన దేశంలోనే పుట్టించినవి దొరుకుతున్నాయి, సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) మండపం కేంద్రంలో వాటి పెంపకం పద్ధతులు ఎప్పుడో తయారైనాయి. రాళ్ల అమ్మకాల గురించి ఇక్కడ ఇంకొక పోస్టు పెడితే తీసేస్తాం.

బురుజు_రీఫ్ | కర్నూలు

అప్‌డేట్. యూనిట్ వచ్చింది, మేడం చెప్పినట్టే పై ట్యాంక్ నుంచి లాగి పై ట్యాంక్‌లోకి పెట్టినా. ఆర్‌సీసీబీ కూడా వేయించినా. నైట్రేట్ ఇప్పుడు 8, ఫాస్ఫేట్ 0.06. వారం తిరక్కముందే నీళ్లు తేటపడినాయి. అద్దం పక్కనుంచి చూస్తే అవతలి గోడ కనబడుతోంది, ఇంతకుముందు సన్నటి మసక ఉండేది. ఇసుక మీద జిగురు మధ్యాహ్నానికి కూడా పలచగానే ఉంది, తీగలు లేవు. జోవాంతిడ్లు రెండు కాలనీలు విచ్చుకున్నాయి. ఇప్పుడు రాళ్ల మీద పచ్చ ఆల్గే మొదలైంది. ట్యాంక్ వేడి 27.6.

టాంగ్‌ను వేరే తొట్టిలోకి తీసినా. మిగతా చేపలను కూడా తీసేసి 76 రోజులు ఖాళీగా ఉంచుతా, సారు చెప్పినట్టే. క్లౌన్లకు రెండో తొట్టి రేపు వస్తుంది.

పెన్నఒడ్డు | కడప

మంచి మాట చెప్పినావు తమ్ముడూ. ఒక్క సందేహం. యూవీ పెట్టినావు, నైట్రేట్ పెంచినావు, నీళ్లు మార్చడం ఆపినావు, కార్బన్ పెట్టినావు, అన్నీ ఒక్కసారే. తగ్గింది దేని వల్ల? పోషకాలు పెంచితేనే పోయుంటే యూవీ డబ్బు మిగిలేది కదా. మేడం ఏమంటారు?

జువాలజీ_మేడం | అనంతపురం

సరైన ప్రశ్న. ఒక్క ట్యాంక్‌లో అన్నీ కలిపి చేశాక విడదీసి చెప్పలేం. నా అభిప్రాయం ఇది. పోషకాలు మాత్రమే పెంచితే కూడా చాలా ట్యాంకులు బాగుపడతాయి, కానీ పోటీ జీవులు పుంజుకోవడానికి వారాలు పడుతుంది, ఈలోగా విషంతో నత్తలూ కోరల్సూ పోతూనే ఉంటాయి. యూవీ ఆ వారాలను కుదిస్తుంది. ఇంత త్వరగా తేటపడటం, అదీ నీళ్లలో ఉన్న మసక పోవడం, యూవీ పనే అని నేననుకుంటున్నాను. పచ్చ ఆల్గే రావడం పోషకాల పని. దాన్ని చూసి కంగారు పడి మళ్లీ ఫాస్ఫేట్ తీసే గుళికలు వేయకండి, ఇప్పుడు మీకు కావాల్సింది ఆ పచ్చదనమే. ఇంకొన్ని వారాలకు మళ్లీ ఒక చుక్క తీసుకెళ్లి మైక్రోస్కోపులో చూడండి.

బురుజు_రీఫ్ | కర్నూలు

సరే మేడం. డైనోలు పూర్తిగా పోయినాక యూవీని తీసేయాలా, నడుపుతూ ఉండాలా? కోపీపాడ్లు, ఫైటోప్లాంక్టన్ వేయాలని ఉంది.

హేచరీ_సీమ | సొంతూరు ప్రొద్దుటూరు, పని నెల్లూరు తీరంలో

ఒక్కసారిగా తీయొద్దు. ముందు రాత్రి గంటలు తగ్గించు, జిగురు తిరిగి రాకపోతే ఆపు. బిగించిన పైపుల్ని మాత్రం అట్లే ఉంచు. ఎప్పుడైనా నీళ్లు పచ్చబడినా, పాలలాగా మసకబారినా వెంటనే వేసుకోవచ్చు. ఫైటో పోసిన రోజు, కోపీపాడ్లు వదిలిన రోజు ఆపి, మరుసటి రోజు వేయి. మందు వేసినప్పుడు కూడా ఆపాలి, కొన్ని మందులను ఆ వెలుగు విరగ్గొడుతుంది.

ల్యాంపు ఆయుష్షు 9,000 గంటల దాకా. 24 గంటలూ వేస్తే ఏడాది. ఆ తర్వాత నీలంగా వెలుగుతూనే ఉంటుంది, యూవీ-సీ మాత్రం పడిపోయి ఉంటుంది. బాడీ మీద మార్కర్‌తో తేదీ రాసిపెట్టు. స్లీవ్ మీద కాల్షియం తెల్లటి పొర కడుతుంది, చేత్తో తడిమితే గరుకుగా తగులుతుంది. కొన్ని నెలలకొకసారి కరెంటు తీసి, స్లీవ్ విప్పి వెనిగర్‌లో నానబెట్టు. మెత్తటి గుడ్డతో తుడువు, పీచు వాడొద్దు. రబ్బరు రింగులకు సిలికాన్ గ్రీజు రాసి బిగించు. పాత ల్యాంపులో పాదరసం ఉంటుంది, చెత్తబుట్టలో వేయొద్దు, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వు.

క్లౌన్_జోడీ | ఆదోని

అన్నలూ, అందరిదీ చదివినాను. నా 100 లీటర్లలో ఇప్పటికి ఏ జబ్బూ లేదు, జిగురూ లేదు. ముందు జాగ్రత్తగా చిన్న యూవీ కొనమంటారా?

పెన్నఒడ్డు | కడప

వద్దు తమ్ముడూ. ఈ మాటలో మేడం కూడా నాతోనే ఉంటారనుకుంటున్నా.

జువాలజీ_మేడం | అనంతపురం

ఉన్నాను. ఆ డబ్బుతో 40 లీటర్ల తొట్టి, ఒక స్పాంజ్ ఫిల్టర్, హీటర్, రెండు పీవీసీ పైపు ముక్కలు కొనుక్కోండి. స్పాంజిని ముందే మీ పెద్ద ట్యాంక్ సంప్‌లో కొన్ని వారాలు ఉంచితే బ్యాక్టీరియా పట్టి సిద్ధంగా ఉంటుంది. కొత్త చేప ఏది తెచ్చినా కనీసం నెల రోజులు ఆ తొట్టిలో ఉంచి, ఒంటి మీద చుక్క లేదని, మేత బాగా తింటోందని చూసుకున్నాకే పెద్ద ట్యాంక్‌లోకి వదలండి. రాగి మందు వాడాల్సి వస్తే రాగి కొలిచే కిట్ కూడా ఉండాలి, అంచనాతో పోయకూడదు.